పన్ను నాటించుకొన్న నొప్పి యెంత?

పళ్లున్నప్పుడు శనగలు లేవు, శనగలున్నప్పుడు పళ్లు లేవు అను సామెత మన యిండ్లలో తరచుగా వినబడునదే. దానిని మనము నవ్వుటకై చెప్పుకొందుము. కాని ఆ సామెతను నిత్యము అనుభవించుచున్న మనిషి యెదుట కూర్చుండినపుడు నవ్వు రాదు.

రెండేండ్ల క్రిందట శ్రీరామనవమి దినములలో ఒక కార్యక్రమమును రికార్డు చేయుటకై మేము వాల్మీకిపురమునకు పోయితిమి. పాతతరమువారి నోట ఆ ఊరు ఇంకను వాయల్పాడే. పట్టాభిరామస్వామి ఆలయములో పని ముగించుకొని, ఊరిలో ఒక విశ్రాంత ఉపాధ్యాయుని యింట కొంతసేపు కూర్చుంటిమి. ఆయనకు డెబ్బది యేండ్లు దాటినవి. వేయించిన చెనిక్కాయలు పళ్లెము నిండ పోసి మా ముందుంచిరి. తాము మాత్రము ఒక్కొక్క కాయ ఒలిచి, గింజలను మనుమరాలి చేతిలో పెట్టుచుండిరే గాని ఒక్కటియు నోట వేసికొనలేదు. క్రింది దవడలో ఒక్క పన్నును లేదు. కట్టుడు పళ్లు కలవు గాని అవి అల్మారాలో, డబ్బాలో ఉన్నవి. పెట్టుకొన్నచో మాట మాటకును లేచి కదలుచున్నవట. రాగిసంగటి, పప్పు, మజ్జిగ — పదునొకండేండ్లుగా ఇంతటితోనే గడుచుచున్నది.

మేము లేచి సెలవు తీసికొనబోవునంతలో ఆయన అడిగిరి: “మదనపల్లెలో డాక్టరుగారు, ఎముకలో మేకులు నాటి పళ్లు కట్టొచ్చునన్నారు సార్. పిల్లలూ చేయించుకోమనే అంటారు. నాకు ఒకటే సందేహం. నొప్పెడతాదా, పెట్టదా? మీరు రేడియోవాళ్లు, పదిమందినీ అడుగుతారు కదా. ఒక్క మాట చెప్పండి.”

ఆ ఒక్క మాట అప్పుడు మావద్ద లేదు. మేము వైద్యులము కాము. తరువాత దంతవైద్యులను అడిగితిమి; పుస్తకములు తిరుగవేసితిమి; ఈ చికిత్స చేయించుకొన్నవారితో మాటలాడితిమి. తెలిసికొన్నదానిని, వాల్మీకిపురపు పెద్దమనిషికి చెప్పుచున్నట్లే, నేడు శ్రోతలందరికిని మనవి చేయుచున్నాము.

మొట్టమొదట భయమును గురించి ఒక మాట. ఆయనది కారణము లేని భయము కాదు. చిన్నతనమున వారపు సంతలో ఒక పళ్లవాని యొద్దకు తండ్రి తీసికొనిపోయెనట. మేనమామ భుజములు అదిమి పట్టుకొనెను; పళ్లవాడు పటకారుతో పీకెను. మత్తు లేదు, మందు లేదు. నోటినిండ ఉప్పునీళ్లు పోసి పంపివేసిరి. అరువదేండ్లు గడచినను, పన్ను అన్న మాట చెవిని పడగానే ఆ భుజము మీది చేతులే ఆయనకు జ్ఞాపకము వచ్చును. మన యిండ్లలో పెద్దవారు చాలమంది దంతవైద్యుని గడప తొక్కక పోవుటకు ఇటువంటి యొక జ్ఞాపకమే కారణము. పిన్నలు దానిని చాదస్తమని త్రోసివేయుట న్యాయము కాదు.

పన్ను పెరికించుకొను బాధ లోకమునకంతటికిని తెలిసినదే. అందుచేతనే కాబోలు, శస్త్రచికిత్సలో నొప్పిని పోగొట్టు విద్యకు దారి చూపినవారిలో ముందువరుసవారు దంతవైద్యులే అయిరి. 1844వ సంవత్సరము డిసెంబరులో అమెరికాలోని హార్ట్‌ఫర్డు పట్టణమున హొరేస్ వెల్స్ అను దంతవైద్యుడు నైట్రస్ ఆక్సైడు వాయువును తానే పీల్చి, తన పన్నును తోటివైద్యునిచే తీయించుకొనెను. 1846లో విలియం మార్టన్ అను మరియొక దంతవైద్యుడు బోస్టను ఆసుపత్రిలో ఈథరు మత్తును పదిమంది యెదుట నిరూపించెను. తరువాత క్లోరోఫారము వచ్చెను. దాని మంచిచెడ్డలను తేల్చుటకు జరిగిన పెద్ద పరిశోధన ఒకటి మన తెలుగునేల మీదనే, హైదరాబాదులో జరిగినది. నిజాము ప్రభుత్వపు ధనముతో, ఎడ్వర్డు లారీ అను వైద్యుని పూనికతో, 1888లోను 1889లోను రెండు సంఘములు అక్కడ పరీక్షలు జరిపెను. ఆ కాలముననే హైదరాబాదు వైద్య పాఠశాలలో చదివిన రూపాబాయి ఫర్దూన్‌జీ మత్తు ఇచ్చు విద్యలో ఆరితేరి, ఆ వృత్తి చేపట్టిన తొలి స్త్రీలలో ఒకరుగా పేరుగాంచిరి.

అయితే అవన్నియు మనిషిని పూర్తిగా నిద్రపుచ్చు మత్తులు. ఒక్క పన్ను కొరకు ఒడలంతయు నిద్రింపనక్కరలేదు. 1884లో వియన్నాలో కార్ల్ కోలర్, కొకెయిను చుక్కలతో కంటిని మాత్రమే మొద్దుబారచేయవచ్చునని చూపెను. ఆ వెంటనే న్యూయార్కులో విలియం హాల్‌స్టెడ్, దవడకు పోవు నరము చెంత మందును సూదితో ఎక్కించి, ఆ వైపు దవడను మొద్దుబారచేసెను. కొకెయినుతో చేటు ఉండుటచేత, 1905 ప్రాంతమున ప్రొకెయిను దాని స్థానమును ఆక్రమించెను. 1943లో స్వీడను దేశమున నిల్స్ లోఫ్‌గ్రెన్ లిడొకెయినును తయారుచేసెను. నేడు మదనపల్లెలో గాని, మరియే ఊరిలో గాని దంతవైద్యుని సూదిలో సాధారణముగా ఉండు మందు ఇదియే. సంతలోని పళ్లవానికిని నేటి వైద్యునికిని నడుమనున్న దూరము ఈ చిన్న సూది.

ఇక ఈ నాటుడు పన్ను సంగతి. వాడుకలో దీనిని ఇంప్లాంటు అనుచున్నారు. పన్నుకు వేరు ఉన్నట్లే, దీనికిని ఒక వేరు కలదు. అది టైటానియము అను లోహముతో చేసిన చిన్న మర. దానిని దవడ యెముకలో బిగించి, ఎముక దానిని పట్టుకొన్న తరువాత, పైన పన్ను కట్టుదురు. ఒడలిలో లోహమేమిటని అనుమానము వలదు. 1952లో స్వీడనులో పెర్ ఇంగ్వార్ బ్రోనెమార్క్ అను శాస్త్రజ్ఞుడు ఎముకలోని రక్తప్రసారమును చూచుటకై కుందేలు కాలి యెముకలో టైటానియపు గొట్టము నమర్చెను. పని ముగిసినపిమ్మట తీయబోగా అది రాలేదు. ఎముక దానిని తనదిగా చేసికొనియున్నది. 1965లో ఆయన గోటెన్‌బర్గు నగరమున ఒక మనిషి దవడలో తొలిసారి ఇట్టి వేళ్లను నాటెను. ఆ మనిషి తరువాత నలువది యేండ్లు జీవించి, ఆ వేళ్ల మీది పళ్లతోనే భుజించెను. ఈ టైటానియము మనకు క్రొత్తది కాదు. భీమునిపట్టణము వైపు సముద్రతీరపు నల్లని యిసుకలో దాని ఖనిజము కలదు. హైదరాబాదులోని మిశ్రధాతు నిగమము టైటానియమును తయారుచేయుచున్నది.

ఇప్పుడు అసలు ప్రశ్నకు వత్తము. శస్త్రచికిత్స జరుగునపుడు నొప్పి ఉండునా?

సూది గ్రుచ్చునపుడు ఉండును. చీమ కుట్టినట్లుండునని కొందరు, తేలు కాదు గాని చీమ కంటె కొంచెము పెద్దదని కొందరు చెప్పిరి. చిగురు మీద ముందుగా మొద్దుబారచేయు మందు పూసినచో ఆ పోటును తగ్గును. అయిదు పది నిమిషములలో పెదవి బరువెక్కి, తనది కానట్లు తోచును. ఆ తరువాత వైద్యుడు చిగురును కొంచెము కోసి, ఎముకలో చిన్న రంధ్రము చేయును. ఎముకను తొలచుట యనగానే గుండె జల్లుమనును. కాని నొప్పిని తెలుపు నరముల కొనలు ఎక్కువగా ఉండునవి చిగురులోను, ఎముకను కప్పియున్న పలుచని పొరలోను. అవి మొద్దుబారిన పిదప, తొలచునపుడు తెలియునది ఒత్తిడి, అదురు, చెవిలో గిర్రుమను చప్పుడు మాత్రమే. ఎముక వేడెక్కకుండ చల్లని ఉప్పునీరు ధారగా పోయుచుందురు. వేడి 47 డిగ్రీలకు ఎక్కి ఒక్క నిమిషము నిలిచినను ఎముక దెబ్బతినును గనుక, ఈ పనిలో తొందర పనికిరాదు. ఒక్క వేరు నాటుటకు చిక్కులు లేనిచో గంటలోపు సరిపోవును.

పన్ను పీకించుకొనుట, పన్ను నాటించుకొనుట రెండును ఎరిగినవారు పలువురు పీకించుకొనుటయే ఎక్కువ బాధ యని మాతో అనిరి. అందులో వింత లేదు. పీకు పన్ను సాధారణముగా అప్పటికే వాచి, చీముపట్టి యుండును. చీముపట్టిన చోట మత్తుమందు సరిగా పనిచేయదు. నాటునది మానిన చిగురులో, కొలిచి చూచుకొన్న చోట. ముందుగా ఎక్స్‌రే తీసి, క్రింది దవడలో నరము పోవు దారిని గుర్తించి, దానికి తగినంత దూరమున నిలుతురు. ఇంతచేసినను మధ్యలో చుర్రుమన్నచో ఓర్చుకొని ఊరకుండరాదు. ఎడమచేయి ఎత్తవలెను. వైద్యుడు ఆపి, మరికొంత మందు ఎక్కించును. ఓర్పునకు అక్కడ బహుమానము లేదు.

మత్తు రెండు మూడు గంటలకు దిగును. నొప్పి అప్పుడు మొదలగును. దానిని దాచుట తగదు. మొదటి రాత్రి దవడ సలుపును. రెండవ మూడవ దినములలో చెంప వాపు ఎక్కువగా కనబడును. ఒక్కొక్కరికి చర్మము నీలముగా కమిలినట్లగును. చాలమందికి ఈ నొప్పి సాధారణమైన నొప్పిమాత్రలకు లొంగునదే. మత్తు పూర్తిగా దిగక మునుపే మొదటి మాత్ర వేసికొమ్మని వైద్యులు చెప్పుదురు. కడుపులో పుండు, మూత్రపిండముల జబ్బు ఉన్నవారికి కొన్ని మాత్రలు సరిపడవు గనుక, ఏ మాత్ర యన్నది ముందుగానే అడిగి తెలిసికొనవలెను. మొదటి దినము చెంప మీద మంచుగడ్డను గుడ్డలో చుట్టి అద్దవచ్చును. చల్లారిన రాగిజావ, పెరుగన్నము, మెత్తని పప్పు చాలును. గట్టిగా పుక్కిలించి ఉమియరాదు. ఆకువక్క, పొగాకు, బీడీ, చుట్ట ముట్టరాదు. వారము పది దినములకు కుట్లు విప్పుదురు. అప్పటికి నొప్పి మరుగునపడును.

పలు వేళ్లు ఒక్కసారిగా నాటినను, ఎముక చాలక ఎముకపొడి చేర్చవలసి వచ్చినను, వాపు, సలుపు ఎక్కువ దినములుండును. ఇక్కడ ఒక చిక్కు కలదు. పళ్లు ఊడిన దవడ యెముక ఊరకుండదు. నమలు పని లేని యెముక ఏటేట కరగును. భయపడి పదేండ్లు జరిపినవారికి ఎముక పలుచబడి, చిన్న పనితో పోవలసినది పెద్ద పని యగును. అనగా నొప్పికి భయపడి తప్పించుకొన్నవాడు నొప్పిని పెంచుకొన్నవాడగును.

ఏ నొప్పి సహజము, ఏది కాదు అను గుర్తు ప్రతి యింట తెలిసియుండవలెను. దినదినమునకు తగ్గుచున్న నొప్పి మంచిది. మూడవ నాటికి తగ్గవలసినది నాలుగవ నాట పెరిగినను, జ్వరము వచ్చినను, చీము వాసన తోచినను ఆలస్యము చేయక వైద్యుని చూడవలెను. మరునాటికి కూడ పెదవి గాని గడ్డము గాని తిమ్మిరి వదలనిచో, అది నొప్పి లేని సంగతి గదా యని ఊరకుండరాదు. నరము మీద ఒత్తిడి పడినదేమో వెంటనే చూపించుకొనవలసిన సంగతి యది.

మరియొక మాట. కుర్చీలో కూర్చుండక మునుపు వైద్యునికి దాచకుండ చెప్పవలసినవి కొన్ని కలవు: చక్కెర జబ్బు, గుండె జబ్బు, రక్తము గడ్డకట్టకుండ వాడు మాత్రలు, ఎముకల బలమునకు పుచ్చుకొను మందులు, పొగ త్రాగు అలవాటు. గుండెకు వాడు మాత్రలను తమంతట తాము మానివేయుట ప్రమాదకరము. చక్కెర అదుపులో ఉన్నవారు చికిత్సకు అనర్హులు కారు. అదుపు తప్పినవారికి పుండు మానదు, ఎముక పట్టదు. అందరికిని ఈ చికిత్స అవసరమనియు మేము చెప్పము. కట్టుడు పళ్లు కుదురుకొన్నవారికి అవి చాలును. ఖర్చును తక్కువది కాదు. కడపలోను హైదరాబాదులోను ప్రభుత్వ దంతవైద్య కళాశాలలు కలవు. అట్టి చోట్ల సలహా తీసికొని నిర్ణయించుకొనవచ్చును.

ఇంతవరకు నొప్పి ఉండుటను గురించి చెప్పితిమి. ఇక నొప్పి లేకపోవుటను గురించి చెప్పవలసియున్నది. మేము తెలిసికొన్నవానిలో మమ్ము మిక్కిలి ఆలోచింపజేసినది ఇదియే.

దేవుడిచ్చిన పన్నుకును ఎముకకును నడుమ ఒక పలుచని పొర కలదు. అన్నములో ఇసుకరేణువు పడినను అది పసిగట్టును. పన్ను లోపల నరము కలదు. పుచ్చు ముదిరినపుడు రాత్రి నిద్రలేపి చెప్పును. నాటిన పన్నుకు ఆ పొరయు లేదు, ఆ నరమును లేదు. అది పుచ్చదు, జివ్వున లాగదు. ఎముకతో ఏకమైన లోహము మౌనముగా నుండును. కాని దాని చుట్టునున్న చిగురు మనదే, ఎముక మనదే. పాచి పేరుకొన్నచో ఆ చిగురు వాచును. లోపల ఎముక కొంచెము కొంచెముగా తరుగును. ఇవన్నియు చాలవరకు నొప్పి లేకుండగనే జరుగును. వేరు కదలి తెలియువేళకు చేయి దాటిపోవును. పన్ను తోమునపుడు రక్తము కనబడుటయే దాని తొలి కబురు.

కనుక నాటిన పన్ను గలవారు నొప్పి కొరకు ఎదురుచూడరాదు. పూటపూటకు శుభ్రము చేసికొనుచు, ఆరు మాసములకొకసారి చూపించుకొనుచుండవలెను. ఇట్లు కాపాడుకొన్నవారిలో నూటికి తొంబదికి పైగా ఈ వేళ్లు పదేండ్లు దాటి నిలుచుచున్నవి. శస్త్రచికిత్స నాటి నొప్పి మూడు దినములది. ఆ తరువాతి శ్రద్ధ జీవితకాలపుది. మనలో పలువురు మొదటిదానిని గురించి వేయి ప్రశ్నలు వేసి, రెండవదానిని గురించి ఒక్కటియు అడుగరు.

వాల్మీకిపురపు ఉపాధ్యాయునికి ఈ విషయములన్నియు అప్పుడే ఉత్తరము వ్రాసితిమి. కొన్నాళ్లు జవాబు లేదు. క్రిందటి శ్రీరామనవమికి మరల ఆ ఊరు పోయినపుడు చూడవచ్చితిమి. క్రింది దవడలో రెండు వేళ్లు నాటించుకొని, కట్టుడు పళ్లను వాని మీద గుండీవలె బిగించుకొనుచున్నారు. మొదట మాత్రము వైద్యుడు రెండు నెలలు ఆగుమనెనట. ఈయన చక్కెర మాత్రలు వాడుచున్న సంగతి చెప్పలేదు, రక్తపరీక్ష బయటపెట్టినది. “బడిలో పిల్లలు తప్పు దాస్తే బెత్తం చూపించినవాణ్ణి. నేనే దాచినాను సార్” అని ఆయనయే నవ్విరి. చక్కెర అదుపులోనికి వచ్చిన తరువాతనే పని జరిగినది. రెండు దినములు చెంప వాచినది. మూడు నెలలు ఎముక పట్టువరకు వేచియుండిరి.

“మరి నొప్పి సంగతి?” అని అడిగితిమి.

ఆయన కొంచెము ఆలోచించి అనిరి: “సూది పొడిచినప్పుడు ఒకటి. ఆ రాత్రి ఒకటి. అంతే సార్. పదకొండేండ్లు దీనికోసం భయపడి పడినానే, లెక్క వేస్తే ఆ నొప్పే ఎక్కువ.”

అంతలో మనుమరాలు పళ్లెముతో చెనిక్కాయలు తెచ్చి మా నడుమ నుంచినది. ఈ మారు ఆయన ఒక కాయ ఒలిచి, ఒక గింజను మనుమరాలికిచ్చి, రెండవది తాము నోట వేసికొనిరి. తినిన తరువాత లేచిపోయి, పెరటిలో కుళాయి దగ్గర పళ్లు తీసి బ్రష్షుతో తోమి, వేళ్ల చుట్టును శుభ్రము చేసికొని వచ్చిరి. మేము చెప్పదలచిన మాటలో సగము ఆ గింజలో ఉన్నది. తక్కిన సగము ఆ కుళాయి దగ్గర ఉన్నది.